డాన్యూబ్ క్రూజ్‌లో పాసావ్‌లో ఒక రోజు: సాల్జ్‌బర్గ్ బస్సెక్కాలా, ఊళ్ళోనే ఉండాలా?

కూకట్‌పల్లి కోడలు:

అందరికీ నమస్కారం. 2026 జూన్‌లో డాన్యూబ్ మీద రివర్ క్రూజ్ బుక్ చేసుకున్నాం. నేను, మావారు, అత్తయ్యగారు, మామయ్యగారు, మొత్తం నలుగురం. జర్మనీలో రేగెన్స్‌బర్గ్‌లో ఎక్కి బుడాపెస్ట్‌లో దిగుతాం. వియన్నా, బుడాపెస్ట్ గురించి చదవడానికి బోలెడంత దొరికింది కాబట్టి వాటి సంగతి అడగను. నా టెన్షన్ అంతా మధ్యలో వచ్చే పాసావ్ అనే ఊరి గురించే. జూన్ 4, గురువారం పొద్దున 8కి బోటు అక్కడ ఆగుతుంది, సాయంత్రం ఆరున్నరకల్లా అందరూ లోపల ఉండాలట.

ఆ రోజుకి రెండు దారులు చూపించారు. ఒకటి బస్సులో సాల్జ్‌బర్గ్ తీసుకెళ్ళి తీసుకొస్తారు, దానికి మనిషికి 160 యూరోలు విడిగా కట్టాలి. రెండోది పాసావ్‌లోనే గైడ్‌తో గంటన్నర నడక, అది టికెట్‌లోనే కలిసి ఉంది, తర్వాత ఎవరిష్టం వాళ్ళది. మావారేమో సంగీతకారుడు మోజార్ట్ పుట్టిన ఊరు అంత దగ్గరలో ఉంటే చూడకుండా వస్తామా అంటున్నారు. మామయ్యగారు ఇరిగేషన్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్‌గా రిటైరయ్యారు, నది కనబడితే చాలు ఆయనకి, ఊరేదైనా ఒకటే. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లు కష్టం, పైగా గుడ్డు కూడా ముట్టరు. వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే చెప్పండి, ఏది మేలు? గైడ్ లేకుండా మా అంతట మేం తిరగగలమా? ఎక్కడైనా ఆలస్యమైతే బోటు మన కోసం ఆగుతుందా?

తార్నాక పెద్దాయన:

అమ్మా, నా మాట వింటే సాల్జ్‌బర్గ్ ఈసారికి వదిలెయ్యండి. రోడ్డు మీద వెళ్ళడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు అని చెప్తారు కానీ అందరూ ఎక్కారో లేదో తలలు లెక్కపెట్టుకోవడం, దారిలో బాత్రూమ్ కోసం ఆపడం అందులో కలపరు. దిగాక గైడ్ చేతిలో బోర్డు పట్టుకుని ముందు చకచకా నడిచిపోతుంటే మీ అత్తగారు వెనకపడతారు, ఆవిడ కోసం మీరు వెనకపడతారు, చివరికి మోజార్ట్ ఇంటి గోడ ముందు ఒక ఫోటో దిగి మళ్ళీ బస్సు. క్రూజ్ డబ్బులు కట్టింది నది మీద ఉండటానికి కదా, హైవే మీద కూర్చోవడానికి కాదు.

పాసావ్ తక్కువ ఊరేమీ కాదు. జనాభా యాభై వేలు ఉంటుందేమో, కానీ పాత ఊరంతా డాన్యూబ్‌కీ ఇన్ నదికీ మధ్య సన్నటి నేల ముక్క మీద ఉంటుంది, అందుకే దారి తప్పడం కష్టం. ఎటు నడిచినా నీళ్ళే ఎదురొస్తాయి. ఉత్తరం వైపు నుంచి ఇల్జ్ అనే చిన్న నది కూడా వచ్చి కలుస్తుంది. మూడు నీళ్ళకీ మూడు రంగులు. ఇన్ ఆల్ప్స్ మంచు కరిగి వచ్చే నీరు కాబట్టి పాలు కలిపిన పచ్చ, ఇల్జ్ అడవిలోని బురద నేలల మీదుగా వస్తుంది కాబట్టి నల్లగా, డాన్యూబ్ ఈ రెండిటికీ మధ్యలో. ఊరి కొసన మూడూ కలిసే చోట చిన్న పార్కు, బెంచీలు ఉన్నాయి. మీ మామగారిని అక్కడ కూర్చోబెడితే మళ్ళీ మీరు పిలిచేదాకా లేవరు.

అయితే రంగుల తేడా కింద నుంచి పూర్తిగా తెలియదు. డాన్యూబ్ అవతలి ఒడ్డున గుట్ట మీద ఓబర్‌హౌస్ అని కోట ఉంది, ఆ ఊరిని ఏలిన బిషప్పులు 1219లో మొదలుపెట్టిన కోట, నదికి వంద మీటర్ల ఎత్తున. నడిచి ఎక్కాలంటే మెట్లు చాలా ఉన్నాయి, మీకు వద్దు. సీజన్లో టౌన్‌హాల్ ముందు నుంచి కోట దాకా బస్సు నడుస్తుంది, అది ఎక్కండి. మూడు నదులూ, మధ్యలో ఊరూ ఒకేసారి కనబడేది అక్కడి నుంచే.

ఇంకొకటి, సెయింట్ స్టీఫెన్ కేథడ్రల్. 1662లో ఊరంతా తగలబడితే తర్వాత ఇటలీ నుంచి వచ్చిన పనివాళ్ళు మళ్ళీ కట్టారు, లోపల తెల్లటి సున్నపు పని చూస్తే మెడ నొప్పి పుట్టాల్సిందే. అందులో ఉన్న ఆర్గన్‌కి, అంటే గాలితో మోగే పెద్ద వాద్యానికి, 17,974 గొట్టాలు. మే నుంచి అక్టోబర్ దాకా మధ్యాహ్నం 12కి అరగంట కచేరీ పెడతారు. వెళ్ళే ముందు వాళ్ళ సైట్‌లో ఆ వారం కచేరీ ఉందో లేదో చూసుకోండి.

గచ్చిబౌలి టెకీ:

అందరూ ఊళ్ళోనే ఉండమంటారు, నేను కొంచెం ఎదురు మాట్లాడతా, ఏమనుకోవద్దు. హైదరాబాద్ నుంచి యూరప్ మళ్ళీ మళ్ళీ వెళ్ళేది ఎవరండీ? చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి స్లాట్ దొరకడానికే ప్రాణం పోతుంది. అంత దూరం వెళ్ళి సాల్జ్‌బర్గ్ వదిలేస్తే మీవారికి ఆ బాధ ఎప్పటికీ ఉండిపోతుంది. నలుగురూ ఒకే పని చెయ్యాలని రూల్ లేదు కదా, మీరిద్దరూ బస్సెక్కండి, పెద్దవాళ్ళు పొద్దున ఫ్రీ టూర్‌లో తిరిగి బోటులో లంచ్ చేసి పడుకుంటారు. రెండు టికెట్ల డబ్బులూ మిగులుతాయి.

బోటు ఆగుతుందా అన్నదానికి: వాళ్ళ బస్సులో వెళ్తే ఆగుతుంది, మన అంతట మనం వెళ్ళి లేట్ అయితే ఆగదు, అంతే. దిగేటప్పుడు రిసెప్షన్‌లో కార్డు ఇస్తారు, తిరిగొచ్చి అది వెనక్కి ఇవ్వాలి, ఎవరి కార్డు రాలేదో దాన్నిబట్టే తెలుస్తుంది. ఆ కార్డు వెనక, లేకపోతే రోజూ ఇచ్చే ప్రోగ్రామ్ కాగితం మీద బోటు ఫోన్ నంబర్ ఉంటుంది, ఫోటో తీసి నలుగురి ఫోన్లలో పెట్టుకోండి. ఒకవేళ నిజంగానే మిస్సయినా ప్రపంచం మునిగిపోదు. రివర్ బోటు లాకుల్లో (నీటి మట్టం మార్చి బోటుని ఎత్తే, దింపే గేట్లు) ఆగుతూ మెల్లగా పోతుంది, పాసావ్ నుంచి లింజ్‌కి డైరెక్ట్ రైళ్ళున్నాయి, దాదాపు గంట ప్రయాణం. తర్వాతి స్టాప్ ఎక్కడో కనుక్కుని రైల్లో ముందే వెళ్ళి బోటు కోసం ఎదురు చూడొచ్చు.

ఒక విషయం మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. బోటు ఎక్కడ కడతారో ముందు రోజు రాత్రి అడగండి. టౌన్‌హాల్ పక్కనే కడితే అదృష్టం, ఊరు గుమ్మంలోనే. రద్దీ ఎక్కువుంటే ఊరికి దిగువన లిండావ్ అనే రేవులో కడతారు, అక్కడి నుంచి పాత ఊళ్ళోకి నడవడం పెద్దవాళ్ళ పని కాదు, షటిల్ బస్సు మీదే ఆధారం. మేం వెళ్ళినప్పుడు ఇంకా గమ్మత్తు, పొద్దున మమ్మల్ని ఊళ్ళో దింపి, మధ్యాహ్నానికి బోటు వేరే రేవుకి మార్చేశారు. భోజనాలప్పుడు మైకులో చెప్పారట, మేం అప్పటికే బయట ఉన్నాం. అప్పటినుంచి లైవ్ లొకేషన్ పంపమని బోటులో ఉన్న ఒకరికి చెప్పి మరీ దిగుతున్నాం.

తార్నాక పెద్దాయన:

బాబూ, డెబ్బై దాటినవాళ్ళని భాష రాని ఊళ్ళో బోటులో పడుకోబెట్టి మీరు మోజార్ట్ దగ్గరికి వెళ్తారా? మీ ఇంట్లో ఎలా నడుస్తుందో గానీ మా ఇంట్లో అయితే ఆ మాట పదేళ్ళు వినాల్సి వస్తుంది. సాల్జ్‌బర్గ్ మీద అంత మనసుంటే క్రూజ్‌కి ముందో తర్వాతో రెండు రాత్రులు అక్కడ ఉండాలి, అప్పుడు చూసినట్టు ఉంటుంది.

మ్యూనిక్‌లో మలక్‌పేట:

అక్కా, ఎవరూ తారీఖు చూసినట్టు లేదు. 2026 జూన్ 4 ఇక్కడ ఫ్రోన్‌లైష్‌నామ్ అనే కేథలిక్ పండగ. ఈస్టర్ తర్వాత అరవయ్యో రోజు వస్తుంది, ఎప్పుడూ గురువారమే. పాసావ్ ఉన్న బవేరియా రాష్ట్రంలో ప్రభుత్వ సెలవు. జర్మనీలో సెలవంటే మన దగ్గర లాగా షట్టర్ సగం దించి వ్యాపారం చేసుకోవడం ఉండదు, సూపర్ మార్కెట్, బట్టల షాపు, మందుల షాపు అన్నీ నిజంగానే మూసేస్తారు. డ్యూటీలో ఉండే మందుల షాపు ఒకటి ఎక్కడో ఉంటుంది, వెతుక్కోవాలి. కాబట్టి అత్తయ్యగారి నొప్పి మాత్రలు, బామ్ లాంటివన్నీ హైదరాబాద్ నుంచే తెచ్చుకోండి. పాసావ్ కేథడ్రల్ మధ్యాహ్నం కచేరీ కూడా ఆదివారాలు, పండగ రోజుల్లో ఉండదు.

అసలు విషయం ఏంటంటే సాల్జ్‌బర్గ్ ఉన్న ఆస్ట్రియాలోనూ ఆ రోజు సెలవే. అంటే 160 యూరోలు పెట్టి సాల్జ్‌బర్గ్ వెళ్ళినా షాపింగ్ వీధి మూసే ఉంటుంది, సెలవు ట్రాఫిక్ అదనం. మ్యూజియాలు, హోటళ్ళు, కాఫీ షాపులు తెరుస్తారు, అది వేరే సంగతి. అన్నకి ఈ ముక్క చూపించండి, ఇంట్లో గొడవ అక్కడికక్కడే తేలిపోతుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఈ పండగకి కేథలిక్ ఊళ్ళలో పొద్దున పూట ఊరేగింపు తీస్తారు. చర్చిలో పూజ అయ్యాక పందిరి కింద పూజారి, వెనక బ్యాండు, సంప్రదాయం బట్టల్లో ఊరి జనం, ఇళ్ళకి కొమ్మలూ పూలూ కట్టి ఉంటాయి. పాసావ్ బిషప్ ఉండే ఊరు. టూరిస్టుల కోసం పెట్టింది కాదు, వాళ్ళ పండగ వాళ్ళు చేసుకుంటారు, మనం పక్కన నిలబడి చూడొచ్చు. నన్నడిగితే మూసిన షాపుల కంటే, గంటన్నర గైడ్ టూర్ కంటే అదే నయం. ఏ టైముకో, ఏ వీధిలోనో బోటు రిసెప్షన్‌లో ముందు రోజు అడిగితే కనుక్కుని చెప్తారు.

అత్తయ్యగారికి ఆసక్తి ఉంటే ఇన్ నది అవతల గుట్ట మీద మరియాహిల్ఫ్ అని యాత్రా స్థలం ఉంది. కింద నుంచి గుడి దాకా పైకప్పు వేసిన మెట్లు, మొత్తం 321. మొక్కుకున్నవాళ్ళు ఒక్కో మెట్టు మీదా ఆగి ప్రార్థన చేసుకుంటూ ఎక్కుతారు, మనవాళ్ళు తిరుమల మెట్లకి పసుపు కుంకుమ పెడుతూ ఎక్కినట్టు. ఆవిడని ఎక్కించమని కాదు, పైదాకా రోడ్డుంది, టాక్సీలో వెళ్ళి, పై నుంచి రెండు మెట్లు చూసి, ఊరి వైపు తిరిగి నిలబడితే చాలు.

చైతన్యపురి ఏఈ:

నాది ఇరిగేషనే, కాబట్టి మామయ్యగారి తరఫున రెండు మాటలు. సార్‌ని ముందు టౌన్‌హాల్ దగ్గరికి తీసుకెళ్ళండి. దాని గోడ మీద వరద గుర్తులు చెక్కి ఉంటాయి, ఏ ఏడాది నీళ్ళు ఎంతదాకా వచ్చాయో గీతలు. 2013 జూన్ 3న డాన్యూబ్ అక్కడ 12.89 మీటర్లకి వచ్చింది, 1501 తర్వాత అంత వరద అదే. ఆ గీత కింద నిలబడితే మనిషి తల ఎక్కడో కిందుంటుంది. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరద గురించి పుస్తకాల్లో చదువుకున్నవాళ్ళం మనం, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి బతికినవాళ్ళ కథ తప్ప మన ఊళ్ళో నీటి మట్టం ఎంతదాకా వచ్చిందో నడిచే దారిలో కనబడేలా గుర్తులు ఎన్ని ఉన్నాయి చెప్పండి. అక్కడ టీ తాగే చోటే రాసి పెట్టుకున్నారు.

మన వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టి మూసీని కొంత పట్టుకున్నాం. పాసావ్‌కి ఆ వీలు తక్కువ, ఎందుకంటే అసలు బలం ఇన్ నదిది. పేరు డాన్యూబ్‌కి దక్కింది కానీ ఆ సంగమంలో ఏడాది సగటున ఇన్ తెచ్చే నీళ్ళే ఎక్కువ. ఆల్ప్స్‌లో మంచు కరిగేదీ, మే చివర జూన్ మొదట్లో పెద్ద వానలు పడేదీ ఒకేసారి అయితే రెండు నదులూ కలిసి పొంగుతాయి. 2024 జూన్ మొదటి వారంలో కూడా దాదాపు 10 మీటర్లకి వచ్చింది. మీరు వెళ్ళేదీ అదే వారం.

భయపెట్టడానికి చెప్పడం లేదు, బోటు షెడ్యూల్ మారే అవకాశం ఉందని చెప్తున్నా. రేగెన్స్‌బర్గ్ నుంచి వచ్చేటప్పుడు ష్ట్రావ్‌బింగ్‌కీ ఫిల్స్‌హోఫెన్‌కీ మధ్య దాదాపు 70 కిలోమీటర్లు ఆనకట్ట లేకుండా నది తన ఇష్టప్రకారం పారుతుంది. నీళ్ళు తక్కువైతే బోటు అడుగు తగులుతుంది, ఎక్కువైతే వంతెనల కింద పట్టదు. అప్పుడు కంపెనీలు జనాన్ని బస్సులో పాసావ్‌కి చేర్చి అక్కడ వేరే బోటు ఎక్కిస్తాయి. కాబట్టి ఒక చిన్న బ్యాగులో మందులు, ఒక జత బట్టలు, కాగితాలు విడిగా పెట్టుకోండి.

సార్‌కి ఇంకో ముచ్చట, పాసావ్‌కి కాస్త ఎగువన కాఖ్లెట్ లాక్, అది 1927లో పూర్తయింది, మన హిమాయత్‌సాగర్ కూడా అదే ఏడాది. దిగువన ఆస్ట్రియా సరిహద్దులో యోఖెన్‌స్టైన్, విద్యుత్ కేంద్రం, లాకు కలిసి ఉంటాయి. సాయంత్రం బోటు బయల్దేరాక చాలాసేపు పట్టదు, అది వచ్చేసరికి ఆయన్ని డెక్ మీద ఉండమనండి. జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది, అంతా కనబడుతుంది.

పప్పుచారు:

తిండి గురించి ఎవరూ చెప్పలేదు, ఆడవాళ్ళ అసలు టెన్షన్ అదేనని వీళ్ళకి ఎప్పుడు తెలుస్తుందో. గుడ్డు తినని మనిషికి బవేరియా కొంచెం కష్టమే. వెజిటేరియన్ అంటే వాళ్ళు సంతోషంగా చీజ్ నూడుల్స్ తెచ్చి పెడతారు, ఆ పిండి గుడ్డుతోనే కలుపుతారు. బంగాళాదుంప సలాడ్ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, చాలా చోట్ల మాంసం ఉడికించిన నీళ్ళు పోసి కలుపుతారు. సూపులూ అంతే, పైన కూరగాయలు తేలుతుంటే నమ్మకండి. అందుకే వెజిటేరియన్ అని కాకుండా వేగన్ (పాలు, గుడ్డు, మాంసం ఏదీ వద్దు) అని చెప్పండి, జర్మనీలో ఆ మాట చిన్న ఊళ్ళలో కూడా బాగా అర్థమవుతుంది, పెరుగు కావాలంటే విడిగా అడుక్కోవచ్చు.

జూన్ మొదట్లో తెల్ల ఆస్పరాగస్ అనే కూర సీజన్, జూన్ 24 దాకా ఉంటుంది. ఉడికించిన బంగాళాదుంపలు, పైన కరిగించిన వెన్నతో ఇమ్మనండి, పక్కన పెట్టే పసుపు రంగు సాస్ వద్దనండి, అందులో గుడ్డుంటుంది. హామ్ (పంది మాంసం) కూడా వద్దని చెప్పాలి, లేకపోతే పక్కనే పెట్టేస్తారు. ఉప్పు తక్కువే, కారం సంగతి సరేసరి, పర్సులో చిన్న డబ్బాతో కరివేపాకు పొడి పెట్టుకోండి.

చిల్లర నాణేలు ఉంచుకోండి, బాత్రూమ్‌కి అర యూరో, యూరో అడుగుతారు, కార్డు అన్ని చోట్లా నడవదు. రాళ్ళు పరిచిన వీధులు, కాబట్టి అత్తగారికి కొత్త చెప్పులు వద్దు, ఇక్కడే నెల ముందు నుంచి వేసుకుని అలవాటైన బూట్లు వెయ్యండి. ఇంకొకటి, రేవులో ఒక్కోసారి బోట్లని పక్కపక్కన కట్టేస్తారు, ఒడ్డుకి రావాలంటే అవతలి బోటు లాబీలోంచి, ఒక్కోసారి పై డెక్ ఎక్కి దిగి రావాలి. మోకాళ్ళు బాగాలేనివాళ్ళు రోజుకి రెండుసార్లు ఆ పని చెయ్యలేరు. అందుకని మధ్యాహ్నం లంచ్‌కి బోటుకి వచ్చి మళ్ళీ దిగుదాం అనే ప్లాన్ పెట్టుకోకండి.

కూకట్‌పల్లి కోడలు:

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. పండగ సంగతి చదివి వినిపించగానే మావారు మెత్తబడ్డారు, సాల్జ్‌బర్గ్‌కి బుడాపెస్ట్ నుంచి రైలుందా అని ఇప్పుడు వెతుకుతున్నారు, అది ఆయన తలనొప్పి. మామయ్యగారైతే 12.89 అన్న అంకె డైరీలో రాసుకున్నారు, ఇన్ నదిలో సెకనుకి ఎన్ని క్యూసెక్కులు అని అడుగుతున్నారు, క్యూసెక్కంటేనే సెకను లెక్క కదా అని ఆయనకి చెప్పే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

పొద్దున ఊరేగింపు, తర్వాత కోట బస్సు, పైన కాసేపు, కిందికొచ్చి నదుల దగ్గర కూర్చోవడం, మిగతాది ఓపికని బట్టి అనుకుంటున్నాం. మరియాహిల్ఫ్ అత్తయ్యగారి ఇష్టానికి వదిలేశాం, మెట్ల సంగతి విన్నాక ఆవిడే టాక్సీ మాట ఎత్తారు. ఒక్క డౌట్ మిగిలింది. పాస్‌పోర్టులు బోటువాళ్ళు తీసుకుంటారని విన్నా, నిజమేనా? నెయ్యి, పాలకోవా, చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్ళొచ్చా?

మ్యూనిక్‌లో మలక్‌పేట:

చాలా బోట్లలో రిసెప్షన్‌లో ఉంచుకుంటారు అక్కా, దిగే రోజు ఇస్తారు. పాసావ్ అంటే ఆస్ట్రియా గడప, ఆ పక్క రోడ్లలో, రైళ్ళలో పోలీసులు ఆపి అడుగుతుంటారు. ఊళ్ళో తిరగడానికి పాస్‌పోర్టు, వీసా పేజీల జిరాక్స్ సరిపోతుంది కానీ సరిహద్దు దాటే రైలో బస్సో ఎక్కేటట్టయితే ఒరిజినల్ అడిగి తీసుకోండి. మీ రూటంతా షెంగెన్‌లోనే ఉంది కాబట్టి సింగిల్ ఎంట్రీ వీసా చాలు, షెంగెన్ బయట ఉన్న బెల్‌గ్రేడ్ దాకా వెళ్ళేవాళ్ళకే మల్టిపుల్ కావాలి.

పప్పుచారు:

నెయ్యి, కోవా వద్దమ్మా, పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ మన దేశం నుంచి యూరప్‌లోకి తేకూడదు, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. పొడులు, ఆవకాయ, మరమరాలు, వేరుశెనగ ఉండలు పట్టుకెళ్ళండి, ఆవకాయ మాత్రం చెకిన్ బ్యాగులో, రెండు కవర్లు కట్టి. కుక్కర్ కూడా వద్దు, కేబిన్‌లో వేడి చేసే సామాను ఏదీ ఒప్పుకోరు. బోటు ఎక్కిన మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని పట్టుకుని మాకు రోజూ ఒక గిన్నె తెల్లన్నం కావాలని చెప్పండి, వండి పెడతారు. పెరుగు పొద్దున బఫేలో ఉంటుంది, ఒక కప్పు తీసి పక్కన పెట్టుకోండి.